దత్తత పిల్లల కోపం, నిద్ర, చదువు: జుట్టు పరీక్షలూ సప్లిమెంట్లూ ఎంతవరకు?

గోస్తని:
అందరికీ నమస్కారం. ఆరేళ్ల పాప, బరువు 18 కిలోలు, కారా (కేంద్ర దత్తత సంస్థ) ద్వారా ఇంటికి వచ్చి 8 నెలలు. రాత్రి రెండు మూడుసార్లు లేస్తుంది. తిండి దిండు కింద దాస్తుంది. చిన్న మాటకే అరగంట అరుపులు, చేయి చేసుకోవడం. బడిలో కుదురుగా కూర్చోదు. ఒక సెంటర్ వాళ్లు ఈ ప్యాకేజీ చెప్పారు: జుట్టులో ఖనిజాల పరీక్ష, 90కి పైగా ఆహారాలకు రక్తంలో ఐజీజీ (ఒక రకం యాంటీబాడీ), మూత్రంలో ఆర్గానిక్ యాసిడ్స్, పైరోల్ (అదీ మూత్రంలో చూసేదే), ఎంటీహెచ్ఎఫ్ఆర్ (ఫోలేట్ విటమిన్ వాడకానికి సంబంధించిన జన్యువు) పరీక్ష, మలంలో మైక్రోబయోమ్ (పేగు సూక్ష్మజీవుల లెక్క). రిపోర్టులు వచ్చేలోపే మొదలుపెట్టమన్న చీటీ: జింక్ 30 మి.గ్రా., బీ6 50 మి.గ్రా., మెగ్నీషియం 200 మి.గ్రా., చేపనూనె, ప్రోబయోటిక్, మల్టీవిటమిన్ గమ్మీలు రోజుకు రెండు, విటమిన్ డి 60,000 ఐయూ (యూనిట్లు) సాషే (పొడి పొట్లం). ఇందులో పనికొచ్చేది ఏది? ముందు చేయించాల్సిన మామూలు పరీక్షలేమిటి?

నల్లమల:
గోస్తని గారూ, ముందు ఒక్క మాట. రిపోర్టు రాకముందే మందుల చీటీ వచ్చింది చూడండి, అక్కడే ఆ పరీక్షల విలువ తెలిసిపోయింది. ఏ పరీక్షకైనా అడగాల్సింది ఇదే: ఎక్కువ వస్తే ఏం చేస్తారు, తక్కువ వస్తే ఏం చేస్తారు? రెండింటికీ ఒకే సీసాలు ఇచ్చేటట్టయితే ఆ పరీక్ష అక్కర్లేదు. చీటీలోవి ఇవాళ మొదలుపెట్టకండి. మొదలుపెట్టాక రక్తం తీస్తే లోపం ఉందో లేదో తేల్చడం కష్టం.

ఇక వరుస. మొదట చెవులు. సంస్థల్లో గడిపిన పిల్లల్లో చెవి చీము, కర్ణభేరి వెనక నీరు చేరడం తరచుగా చూస్తాం. సగం వినపడే పిల్ల పెద్దలకు మాట వినని పిల్లలాగే కనిపిస్తుంది. టింపనోమెట్రీ (కర్ణభేరి కదలిక చూసే పరీక్ష) నొప్పి లేకుండా కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. ఆరేళ్లకి హెడ్‌ఫోన్లతో ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) కూడా వీలవుతుంది. సహకరించకపోతే నిద్రలో బెరా (చెవి నుంచి మెదడుకు వెళ్లే సంకేతాలు కొలిచే పరీక్ష) చేస్తారు. ఆ తర్వాత కళ్లు.

రెండోది నిద్ర. గురక ఉందా, నోటితో ఊపిరి తీస్తుందా, నిద్రలో చెమటలు పడతాయా అని ఒక వారం గమనించి, వీలైతే ఫోనులో రెండు నిమిషాల వీడియో తీసి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) పెరిగి రాత్రంతా ఊపిరి తెగి తెగి ఆడే పిల్ల పగలు కునుకు తీయదు. గెంతుతుంది, విసుక్కుంటుంది, కూర్చోదు. అచ్చం ఏడీహెచ్‌డీలా (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఉంటుంది.

మూడోది, మధ్యలో ఐదు పది సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఆగిపోయి, మళ్లీ ఏమీ జరగనట్టు పని మొదలుపెడుతోందా అని టీచర్ని అడగండి. అలా ఉంటే అది మూర్ఛలో ఒక రకం కావొచ్చు: పిల్లల న్యూరాలజిస్టు, ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాల పరీక్ష). దాన్ని ఏకాగ్రత లోపం అనుకుని చేపనూనె పోస్తూ ఏళ్లు గడపకూడదు.

రక్తంలో: సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), దానితోపాటే సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగేది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ డి, బీ12, సీసం. మలపరీక్ష వేర్వేరు రోజుల్లో మూడుసార్లు. దత్తత ఫైలులో హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్ పరీక్షలు ఉంటే ఏ వయసులో చేశారో చూసి, మళ్లీ చేయాలా అని పిల్లల డాక్టర్ని అడగండి. ఇంతకు మించి మొదటి విడతలో ఏదీ వద్దు.

పెన్నా_ఒడ్డు:
నల్లమల గారితో ఒకచోట విభేదిస్తాను. లోపాలు లేవని ఎవరన్నారు? పుట్టినప్పుడు బరువు తక్కువ, తల్లిపాలు లేవు, ఏళ్ల తరబడి ఒకే రకం అన్నం పప్పు. ఇలాంటి పిల్లలకు ఐరన్, జింక్, డి తక్కువగా ఉండే అవకాశం మామూలు పిల్లల కన్నా ఎక్కువ. డాక్టర్ దగ్గర పది నిమిషాల్లో 'అలవాటవుతుంది లెండి' అని పంపేస్తుంటే తల్లిదండ్రులు ఇలాంటి సెంటర్లకు వెళ్లక ఏం చేస్తారు? వాళ్లు కనీసం గంటసేపు వింటారు. సప్లిమెంటు అనగానే మోసం అనేయడం న్యాయం కాదు.

నల్లమల:
మీరన్నది నిజం పెన్నా గారూ, గంటసేపు వినేవాళ్లు కావాలి. లోపాలు ఉంటాయన్నదీ నిజమే. అందుకే ఫెరిటిన్ మొదటి వరుసలో పెట్టాను. ఐరన్ లోపం హిమోగ్లోబిన్ తగ్గకముందే నిద్రనూ చిరాకునూ ఏకాగ్రతనూ దెబ్బతీస్తుంది, మట్టి, సుద్ద, బియ్యం తినాలనిపిస్తుంది. నిద్రలో కాళ్లు తన్నుకుంటూ, పక్కంతా దొర్లే పిల్లల్లో ఫెరిటిన్ 50 కన్నా తక్కువుంటే నిద్ర వైద్యులు ఐరన్ ఇచ్చే ఆలోచన చేస్తారు. ల్యాబు రిపోర్టులో మాత్రం 20 ఉన్నా నార్మల్ అనే ఉంటుంది.

అయిదేళ్లు దాటిన పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఫెరిటిన్ 15 నానోగ్రాముల లోపు అంటే ఐరన్ నిల్వలు అయిపోయినట్టే. జ్వరమో ఇన్ఫెక్షనో ఉంటే ఫెరిటిన్ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి అప్పుడు హద్దు 70. సీఆర్‌పీ కలిపి చేయించమన్నది ఇందుకే. జలుబుతో ఉన్న రోజు తీసిన ఫెరిటిన్ 40 చూసి బాగానే ఉందనుకోవడం చాలాచోట్ల జరిగే పొరపాటు. హిమోగ్లోబిన్ 5 నుంచి 11 ఏళ్లవాళ్లకు 11.5 గ్రాముల లోపుంటే రక్తహీనత.

ఇంకొకటి. సీబీసీలో ఎంసీవీ (ఎర్ర కణాల సైజు) బాగా తక్కువుండి ఫెరిటిన్ బాగుంటే ఐరన్ పోయకండి, హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలు చూసే పరీక్ష) చేయించండి. తలసీమియా ట్రెయిట్ (వారసత్వంగా వచ్చే హిమోగ్లోబిన్ తేడా, ఐరన్ లోపం కాదు) అయి ఉండొచ్చు. కన్నవాళ్ల ఆరోగ్య చరిత్ర తెలియని పిల్లలకు ఇది మరీ అవసరం. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ లాంటి రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలైతే సికిల్ సెల్ కూడా అదే పరీక్షలో తేలుతుంది.

నమూనా:
ల్యాబు వైపు నుంచి కొన్ని విషయాలు. తీసే పద్ధతి తప్పితే మంచి పరీక్ష కూడా తప్పే చెబుతుంది.

సీసం: సీరంలో (కణాలు తీసేసిన రక్తద్రవంలో) కాదు, మొత్తం రక్తంలో చూడాలి. సీసం చాలావరకు ఎర్ర కణాల్లోనే ఉంటుంది. వేలి పోటుతో తీస్తే చర్మం మీది దుమ్ము కలిసి ఎక్కువ చూపిస్తుంది, నరం నుంచే తీయించండి. ట్రేస్ ఎలిమెంట్ ట్యూబు ఉందా అని ముందే ఫోను చేసి అడగండి. రిపోర్టులో 10 లోపు మామూలే అని అచ్చయి ఉంటే ఆ గీత నమ్మకండి. అమెరికా సీడీసీ 2021లో డెసీలీటరుకు 3.5 మైక్రోగ్రాములకు దించింది.

జింక్: ఉదయం పరగడుపున తీయాలి. ఎర్ర రబ్బరు మూత ట్యూబులో తీస్తే రబ్బరులోని జింకే రిపోర్టులోకి వస్తుంది. రక్తకణాలు పగిలినా పెరుగుతుంది, జ్వరం ఉంటే తగ్గుతుంది. ఇన్ని ఉన్నాయి కాబట్టే ఒక్క జింక్ రిపోర్టు చూసి ఎవరూ నెలల తరబడి మందు రాయకూడదు.

టీఎస్‌హెచ్: చాలా గమ్మీల్లో బయోటిన్ (ఒక బి విటమిన్) ఉంటుంది. కొన్ని యంత్రాల్లో అది టీఎస్‌హెచ్‌ని తక్కువగానూ టీ4ని ఎక్కువగానూ చూపిస్తుంది. లేని థైరాయిడ్ జబ్బు కనిపిస్తుంది. కనీసం రెండు మూడు రోజుల ముందు గమ్మీలు ఆపి రండి, బయోటిన్ వాడిన సంగతి చీటీ మీద రాయించండి.

జుట్టు పరీక్ష: 2001లో అమెరికాలో ఒకే మనిషి జుట్టును పంచి ఆరు ల్యాబులకు పంపితే రిపోర్టులు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. చుండ్రు షాంపూలో జింక్ ఉంటుంది, కొన్నింటిలో సెలీనియం. బోరు నీళ్లు, గోరింటాకు పొడి, తలనూనె అన్నీ జుట్టుకు అంటుకునేవే. ల్యాబు కడిగినా లోపలిదేదో పైదేదో విడదీయలేదు. పైగా మన దగ్గర దత్తత వచ్చిన పిల్లకి పేల మందు పెట్టడం, గుండు చేయించడం మామూలు. ఇంట్లో ఎనిమిది నెలల్లో పెరిగిన జుట్టులో అంతకుముందు సంస్థలో గడిచిన రోజుల జాడ ఎలా ఉంటుంది?

కిన్నెరసాని:
నమూనా గారూ, సీసం తేలడానికి ముందు ఒక మాత్ర ఇచ్చి మూత్రం పట్టే పరీక్ష గురించి చెప్పండి. 'లోపల దాక్కున్న లోహాలు బయటికొస్తాయి' అని అమ్ముతున్నారు.

నమూనా:
దాన్ని ప్రవోక్డ్ టెస్ట్ అంటారు. డీఎంఎస్ఏ లాంటి, లోహాలను పట్టి మూత్రంలోకి పంపే మందు ఇస్తే ఎవరి మూత్రంలోనైనా లోహాలు ఎక్కువే వస్తాయి. ఆ అంకెను మందు ఇవ్వని వాళ్ల హద్దుతో పోల్చి 'విషం' అంటారు. అమెరికన్ మెడికల్ టాక్సికాలజీ కాలేజీ ఈ పద్ధతికి శాస్త్రీయ ఆధారం లేదని స్పష్టంగా చెప్పింది. దయచేసి చేయించకండి. ఆ పరీక్ష తర్వాత వచ్చేది కీలేషన్ (అలాంటి మందులతో లోహాలు తీసే చికిత్స). 2005లో పెన్సిల్వేనియాలో ఆటిజం ఉన్న అయిదేళ్ల బాబు నరంలోకి ఈడీటీఏ అనే కీలేషన్ మందు ఎక్కించినప్పుడు రక్తంలో కాల్షియం పడిపోయి చనిపోయాడు. సీసం నిజంగా ఎక్కువున్నా ముందు చేయాల్సింది అది ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకుని ఆపడం. కీలేషన్ ఆలోచన సాధారణంగా 45 మైక్రోగ్రాములు, ఆపైనే, అదీ ఆసుపత్రిలో.

నల్లమల:
సీసం ఎక్కణ్ణుంచి అంటే: ఊడిపోతున్న పాత పెయింటు (ఇళ్ల పెయింట్లలో సీసానికి 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) హద్దు 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకు ముందు వేసిన గోడలు, తలుపులు అలాగే ఉన్నాయి), విడిగా అమ్మే కాటుక, సుర్మా, సిందూరం, రంగు కలిపిన పసుపు, బ్యాటరీలు విప్పే చోట్లు, తుక్కుతో పోతపోసిన అల్యూమినియం గిన్నెలు. ఐరన్ తక్కువున్న పిల్లల పేగు సీసాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది. అందుకే ఫెరిటిన్, సీసం ఒకేసారి చూడాలి. రెండూ ఉన్న పిల్లలో ఐరన్ సరిచేయడం రెండింటికీ మందే.

తంగేడు:
పోషకాహారం వైపు నేను రాస్తాను. ముందు ఆ చీటీలో అంకెలు చూద్దాం. ఇక్కడ నేను చెప్పే గరిష్ఠ హద్దులు అమెరికా లెక్కలు, 4 నుంచి 8 ఏళ్ల పిల్లలకు.

జింక్ రోజు హద్దు 12 మి.గ్రా. మీ చీటీలో 30, గమ్మీల్లోది వేరే. విరేచనాలప్పుడు ఓఆర్ఎస్‌తో 20 మి.గ్రా. ఇస్తారు కదా అని అడుగుతారు. అది 14 రోజులే. నెలల తరబడి 30 పోస్తే పేగులో రాగి పీల్చుకోవడం ఆగిపోతుంది. రాగి తగ్గి మళ్లీ రక్తహీనత, తెల్ల కణాల తగ్గుదల. అప్పుడు సీబీసీ చూసి ఐరన్ పెంచుతారు, తగ్గదు.

బీ6 హద్దు 40 మి.గ్రా. చీటీలో 50. యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2023లో పెద్దవాళ్లకే 12కి దించింది. ఎక్కువ కాలం ఎక్కువ మోతాదు వాడితే అరికాళ్లలో తిమ్మిరి, మంట, నడక తూలడం వస్తాయి. ఆరేళ్ల పిల్ల 'తిమ్మిరి' అని చెప్పలేదు. చెప్పులు వేసుకోను, నడవను అంటుంది. దాన్నీ మొండితనం ఖాతాలో వేస్తారు. ఇది నన్ను చాలా బాధించే విషయం.

ఈ జింక్, బీ6 జంట ఎక్కణ్ణుంచి వచ్చిందంటే పైరోల్ పరీక్ష నుంచి. 1960ల్లో మూత్రంలో ఊదా రంగు మచ్చ కనిపించిందని మొదలైన ఊహ. జబ్బుగా అది నిలబడలేదు.

సప్లిమెంటు రూపంలో మెగ్నీషియం హద్దు 110 మి.గ్రా. 200 ఇస్తే విరేచనాలు. అప్పుడు 'గట్' బాగాలేదని మైక్రోబయోమ్ పరీక్ష.

విటమిన్ డి దగ్గర మన రాష్ట్రాల్లో జరిగే ప్రమాదం చెప్పాలి. 60,000 సాషే వారానికి ఒకటి అని రాసింది రోజుకొకటిగా పోసేస్తారు. కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, చిరాకు. కిడ్నీ దెబ్బతింటుంది. భారత పిల్లల వైద్యుల సంఘం (ఐఏపీ) లెక్కలో మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు, ఆపైన ఉంటే చాలు, 12 నుంచి 20 మధ్య చాలీచాలనిది, 12 లోపు లోపం. మామూలు పిల్లకి రోజుకు 600 ఐయూ సరిపోతుంది. చాలా ల్యాబులు 30 లోపంటే లోపం అని ఎర్రగా అచ్చేస్తాయి, దాన్ని చూసి కంగారు పడకండి. పరీక్ష లేకుండా సాషే వద్దు.

చేపనూనె హాని తక్కువే. కానీ డబ్బా మీద 1000 మి.గ్రా. అని ఉంటే అందులో ఈపీఏ 180, డీహెచ్ఏ 120 (పనికొచ్చే ఒమేగా-3 కొవ్వులు ఇవే) మాత్రమే ఉంటాయి సాధారణంగా, మిగతాది మామూలు కొవ్వు. ఏడీహెచ్‌డీ పిల్లల మీద 2023 కాక్రేన్ (పరిశోధనలన్నీ కలిపి తూచే సంస్థ) సమీక్షలో తల్లిదండ్రులు చూసిన ఏకాగ్రత, చురుకుదనాల్లో ఉత్తుత్తి మందుకూ దీనికీ తేడా రాలేదు. వారానికి రెండుసార్లు చేప తినే ఇల్లయితే ఆ డబ్బు చేపకే పెట్టండి.

పెన్నా_ఒడ్డు:
ఇది ఒప్పుకుంటాను. 30 జింక్ అని చూసి నేను కూడా ఎక్కువని అనుకోలేదు. మరి ఐరన్ లోపం తేలితే ఎంత, ఎలా? సిరప్ పోస్తే వాంతి చేసుకుంటుంది, పళ్లు నల్లబడతాయి, మానేస్తారు.

తంగేడు:
డాక్టర్లు సాధారణంగా కిలోకు రోజుకు 3 మి.గ్రా. ఎలిమెంటల్ ఐరన్ (మందు ఉప్పులో ఉన్న అసలు ఐరన్) లెక్కన రెండు నెలలు రాసి మళ్లీ చూస్తారు. 18 కిలోలకు 54 మి.గ్రా. సీసా మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది ఉప్పు బరువు కావచ్చు. 'ఎలిమెంటల్ ఐరన్' అని ఉన్న అంకెనే చూడండి, అది 5 మి.లీ.కా, 1 మి.లీ.కా అన్నది కూడా. ఇక్కడే అయిదు రెట్లు తప్పు జరుగుతుంది.

సిరంజితో నాలుక వెనక భాగానికి పోసి, వెంటనే నీళ్లు తాగించి పుక్కిలించమంటే పళ్లకు పట్టదు. పాలు, టీ, రాగిజావ, కాల్షియం మందుకు రెండు గంటల ఎడం. నిమ్మరసంతో మంచిది. వాంతి చేసుకుంటే తిన్న తర్వాత ఇవ్వండి, కొంచెం తక్కువ పీల్చుకున్నా అసలు మానేయడం కన్నా నయం. మలం నల్లగా రావడం మామూలే. బడిలో వారానికోసారి ఇచ్చే గులాబీ రంగు మాత్రలో 45 మి.గ్రా. ఐరన్ ఉంటుంది. చికిత్స నడుస్తున్నన్నాళ్లు టీచరుకు చెప్పి అది ఆపండి.

ఇంకో మాట, గోస్తని గారి ఇంటికి ప్రత్యేకంగా. తిండి దాచే పిల్ల ఉన్న ఇంట్లో గమ్మీలు, తియ్యటి ఐరన్ సిరప్ తాళం లేకుండా ఉండకూడదు. మిఠాయిలా కనిపించేదాన్ని దాచుకుని తినడం ఆ పిల్లకు అలవాటు. కిలోకు 20 మి.గ్రా. ఐరన్ దాటితే కడుపు నొప్పి, వాంతులు మొదలవుతాయి, 60 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. 18 కిలోల పిల్లకి 60 మి.గ్రా. మాత్రలు 18 అయితే ఆ గీత చేరినట్టే. గర్భిణుల ఐరన్ మాత్రలు ఇంట్లో ఉంటే అవీ పైన పెట్టండి. మింగిందని అనుమానం వస్తే లక్షణాల కోసం చూడకుండా ఆసుపత్రికి. మధ్యలో కొన్ని గంటలు పిల్ల తేరుకున్నట్టు కనిపిస్తుంది, దానికి మోసపోవద్దు.

మంజీర:
ఐజీజీ, గోధుమ, పాలు మానిపించడం గురించి ఎవరైనా?

తంగేడు:
ఐజీజీ మనం తరచుగా తినే ఆహారానికి తయారవుతుంది. అన్నం, పప్పు, పాలు, గుడ్డు రోజూ తింటే అవే ఎర్రగా వస్తాయి. యూరప్ అలర్జీ అకాడమీ 2008లో, కెనడా అలర్జీ సంఘం 2012లో ఇది వాడొద్దని రాశాయి. ఆ లిస్టు పట్టుకుని సంస్థలో అరకొర తిన్న పిల్లకి ఇంట్లో పాలు, గుడ్డు, గోధుమ మానిపిస్తే బరువు ఆగిపోతుంది, తిండి దాచడం పెరుగుతుంది.

గోధుమ మీద అనుమానం ఉంటే (బరువు పెరగకపోవడం, పొట్ట ఉబ్బు, ఐరన్ ఎంత ఇచ్చినా పెరగకపోవడం) సీలియాక్ (గోధుమ పడని పేగు జబ్బు) కోసం రక్తంలో టీటీజీ ఐజీఏ, దానితో మొత్తం ఐజీఏ చేయించండి. గోధుమ తింటున్నప్పుడే చేయించాలి. ముందే మానేస్తే రిపోర్టు బాగానే వస్తుంది, జబ్బు లోపల ఉంటుంది. అన్నమే తినే ఇంట్లో ఈ తప్పు ఇంకా తేలికగా జరుగుతుంది, పరీక్షకు ముందు ఎన్నాళ్లు, ఎన్ని చపాతీలు తినాలో డాక్టర్ని అడగండి.

ఆహారంలో చేయదగ్గ ప్రయోగం ఒకటుంది: రంగులు. ఆరు కృత్రిమ రంగులున్న తినుబండారాల మీద పిల్లల చురుకుదనం, ఏకాగ్రతల గురించి హెచ్చరిక ఉండాలని యూరప్‌లో 2010 నుంచి నియమం ఉంది. వాటిలో టార్ట్రజీన్, సన్‌సెట్ ఎల్లో, కార్మోసిన్ మన దగ్గర మిఠాయి, రంగు కూల్‌డ్రింకు, జెల్లీల్లో ఉన్నవే. మూడు వారాలు మానిపించి చూడటానికి ఖర్చు లేదు, పోషకం పోదు.

నల్లమల:
మిగతావి రెండు మూడు మాటల్లో. ఆర్గానిక్ యాసిడ్స్ పరీక్షకు ఆసుపత్రిలో అసలైన చోటు ఉంది: పుట్టుకతో వచ్చే జీవక్రియ జబ్బులు పట్టడానికి. మళ్లీ మళ్లీ వాంతులు, మగత, నేర్చుకున్నవి కోల్పోవడం ఉంటే చేయిస్తారు. ప్యాకేజీలో అదే పేరుతో 'ఈస్ట్ ఎక్కువైంది' అని చదివేది వేరే సంగతి. ఎంటీహెచ్ఎఫ్ఆర్ తేడాలు జనాభాలో చాలామందికి ఉంటాయి, పిల్ల కోపాన్ని అవి వివరించవు. జన్యు పరీక్ష నిజంగా కావాల్సింది ఎదుగుదల అన్ని వైపులా వెనకబడినప్పుడో, ఆటిజం తేలినప్పుడో. అప్పుడు డాక్టరే క్రోమోజోమల్ మైక్రోఅరే, ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యు పరీక్షలు రాస్తారు. మైక్రోబయోమ్ రిపోర్టుతో ప్రవర్తనకు చికిత్స చెప్పగల స్థితి ఇంకా రాలేదు.

మలపరీక్ష ఎందుకన్నానంటే ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక మోతాదు నులిపురుగులకే. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 బడిలో ఇచ్చేదీ అదే. జియార్డియా (పేగులో చేరే సూక్ష్మ పరాన్నజీవి) దానితో పోదు, ఒక్క మలపరీక్షలో దొరక్కుండానూ పోతుంది. కడుపు నొప్పితో రాత్రి లేచే పిల్లలో ఇది వెతకాలి.

కిన్నెరసాని:
స్వర్ణప్రాశన (బంగారు భస్మం, తేనె, నెయ్యి కలిపి నాకించడం), నాలుక మీద వస కొమ్ము అరగదీసి పెట్టడం, సారస్వతారిష్టం... పెద్దవాళ్లు ఇవి తప్పకుండా చెబుతారు. కాదంటే నొచ్చుకుంటారు.

తంగేడు:
అమ్మమ్మలు ప్రేమతో చెప్పేవి, మర్యాదగానే ఆపాలి. వస కొమ్ములో బీటా అసరోన్ (జంతువుల్లో క్యాన్సర్ కలిగించిన పదార్థం) ఉంటుంది. ఆ కారణంగానే అమెరికాలో దాన్ని ఆహారంలో కలపడం నిషేధించారు. అరిష్టాలన్నిటిలో పులియడం వల్ల పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది, లేబుల్ మీదే రాసి ఉంటుంది. తల్లి కడుపులో మద్యం తాకిన పిల్లేమో అన్న అనుమానం ఉన్నచోట నేనైతే అసలు వద్దంటాను. భస్మాలు, రస ఔషధాలు: 2004లో బోస్టన్‌లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో 14లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి తేలింది. సీసం కోసం పరీక్ష చేయిస్తూ ఇవి పోయడం కుదరదు. ఏడాది లోపు పిల్లకైతే తేనె కూడా వద్దు, బొటులిజం భయం. అమ్మమ్మగారికి వేరే పని అప్పగించండి. పడుకునే ముందు కాళ్లకు నువ్వులనూనె రాయడం మంచి పని, పిల్ల ఒప్పుకుంటేనే.

మంజీర:
బడిలో వేలిముద్రలు చూసి తెలివితేటలు చెప్పే పరీక్ష, డీఎంఐటీ చేస్తామంటున్నారు.

చెకుముకి:
వద్దు. వేలి గీతలు గర్భంలోనే ఏర్పడి జీవితాంతం అలాగే ఉంటాయి. పుట్టాక ఎవరూ ఎత్తుకోకపోయినా, చేతులు మారినా గీతలు మారవు. ఆ పిల్ల కష్టం అంతా పుట్టిన తర్వాతది అయితే ఆ పరీక్ష దేన్ని చూస్తుంది?

వంశధార:
దత్తత ఫైలు గురించి ఎవరూ రాయలేదు, అది అన్నిటికన్నా చవకైన పరీక్ష. మెడికల్ ఎగ్జామినేషన్ రిపోర్టు, చైల్డ్ స్టడీ రిపోర్టు మళ్లీ తీసి చదవండి. పుట్టిన బరువు, ప్రతి నెలా తల చుట్టుకొలత, ఎన్ని సంస్థలు మారింది, ఆసుపత్రిలో ఎప్పుడు చేరింది, టీకాలు. లేనివి ఏజెన్సీని రాతపూర్వకంగా అడగండి.

పుట్టిన తేదీ అసలుదా, అంచనానా చూడండి. దొరికిన పిల్లలకు అంచనా తేదీయే ఉంటుంది. మానసిక వయసు, ఐక్యూ లెక్కలు నెలల్లో వేస్తారు, ఏడాది తేడా ఉంటే మామూలు పిల్ల వెనకబడినట్టు వస్తుంది. సైకాలజిస్టుకు ముందే చెప్పండి. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పిల్లయితే తెలుగు వచ్చి ఎనిమిది నెలలే. మాటలతో చేసే పరీక్ష ఇప్పుడు వద్దు.

దత్తత జరిగాక రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి ఫాలోఅప్ ఉంటుంది. 'అంతా బాగుంది' అని సంతకం పెట్టించుకుని పంపేయకండి, ఇబ్బందులు రాయించండి, కౌన్సెలింగ్ అడగండి. జిల్లాలో ఆర్‌బీఎస్‌కే (ప్రభుత్వ పిల్లల ఆరోగ్య కార్యక్రమం) కింద డీఈఐసీ (ఎదుగుదల సమస్యలు ముందే పట్టి సాయం చేసే జిల్లా కేంద్రం) ఉంటుంది, 18 ఏళ్ల దాకా ఖర్చు లేదు. సికింద్రాబాద్ ఎన్ఐఈపీఐడీలో (మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థలో) అంచనా చేస్తారు. సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా అడగడం తప్పు కాదు. మనసు అలిసిపోయి మీకే మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ), 14416.

ప్రైవేటు డీఎన్ఏ కిట్‌కు పాప లాలాజలం పంపే ముందు ఆలోచించండి. అది ఆమె పుట్టుక సమాచారం, దాన్ని ఎప్పుడు తెలుసుకోవాలో ఆమె పెద్దయ్యాక నిర్ణయించుకోవాల్సింది. పరీక్షల ఫారాల్లో 'దత్తత' అని రాయాల్సిన అవసరం చాలాచోట్ల లేదు, డాక్టరుకు మాత్రం చెప్పండి.

చెకుముకి:
ప్రవర్తన గురించి. తిండి దాచడం జింక్‌తో తగ్గదు. అది లోపం కాదు, లెక్క: రేపు ఉంటుందో లేదో అన్న లెక్క. చేయాల్సింది ఇది. రెండున్నర, మూడు గంటలకోసారి తిండి, గడియారం ప్రకారం. పాపకు అందే అరలో ఆమె పేరుతో ఒక డబ్బా, అందులో వేయించిన శనగలు, పల్లీ చిక్కీ, అరటిపండు. అడగక్కర్లేదు, ఎప్పుడైనా తినొచ్చు. రోజూ రాత్రి ఇద్దరూ కలిసి నింపండి. ఖాళీ అయితే ఏమీ అనకుండా నింపండి. దిండు కింద దొరికితే తిట్టకుండా 'డబ్బాలో పెడదామా' అనండి. చీమలు పడతాయన్నది నిజమైన ఇబ్బందే, దిండు దగ్గర మూత గట్టిగా పడే చిన్న డబ్బా ఇవ్వండి. తిండి ఆపడం శిక్షగా ఒక్కసారి వాడినా వారాల పని వెనక్కి పోతుంది. ఇది నెలల పని.

రాత్రి లేవడానికి: మంచం మీ గదిలోకి తెచ్చుకోండి, చిన్న దీపం, లేచినప్పుడు ఒకే మాట, ఒకే చేయి. మెలటోనిన్ డాక్టరు రాస్తేనే. 2023లో అమెరికాలో 25 గమ్మీ బ్రాండ్లు పరీక్షిస్తే 22లో లేబుల్ మీది అంకె తప్పు, ఒకదానిలో అసలు మెలటోనిన్ లేదు.

అరుపులకు: రెండు వారాలు పుస్తకంలో నాలుగు గళ్లు. ఎప్పుడు, దానికి ముందు ఏం జరిగింది, ఎన్ని నిమిషాలు, ఎలా ఆగింది. ఆకలి, బడి నుంచి వచ్చిన గంట, స్నానం, తలుపు వేయడం... ఏదో ఒకటి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. తలుపు దగ్గరో స్నానం దగ్గరో మొదలయ్యేదైతే సైకాలజిస్టుకు తప్పక చెప్పండి.

ఏ మందు మొదలుపెట్టినా ఈ పుస్తకం ముందు ఉండాలి. సప్లిమెంట్లు మొదలుపెట్టేది పరిస్థితి బాగా చెడ్డ వారంలో. తర్వాతి వారం ఎలాగూ కొంచెం నయంగా ఉంటుంది, పేరు సీసాకు వస్తుంది. పైగా ఇంటికి వచ్చిన మొదటి ఏడాదిలో పిల్లలు నెలనెలకీ మారతారు. కాబట్టి ఒకసారికి ఒకే మార్పు, కొలవాల్సింది ఒకటే (అరుపుల నిమిషాలు అనుకోండి), ఆపే తేదీ ముందే రాసుకోవాలి. టీచరుకు మందు సంగతి చెప్పకుండా ఆమె లెక్క వేరుగా తీసుకోండి.

నల్లమల:
గోస్తని గారూ, ఒకటి చేర్చాలి. మంచి తిండితో త్వరగా బరువు పెరిగే దత్తత ఆడపిల్లల్లో కొందరికి రజస్వల ముందుగా వస్తుంది. 1991లో స్వీడన్‌లో భారత్ నుంచి వెళ్లిన పిల్లల మీద వచ్చిన అధ్యయనం దీన్నే చూపించింది. 8 ఏళ్ల లోపు రొమ్ము పెరుగుదల కనిపిస్తే (మగపిల్లల్లో 9 లోపు మార్పులు) పిల్లల ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి. ఏడుపు, కోపం అకస్మాత్తుగా పెరగడం దానికీ గుర్తు కావొచ్చు. ఎత్తు, బరువు మూడు నెలలకోసారి గోడ మీద కాకుండా చార్టు మీద రాయండి.

గోస్తని:
చాలా కృతజ్ఞతలు అందరికీ. ప్యాకేజీ వద్దని చెప్పేశాం. చెవి, ఈఎన్‌టీ ముందు, తర్వాత రక్తం. ఇన్ని పరీక్షలకు రక్తం ఎంత తీస్తారు? సూది అంటే పాప వణికిపోతుంది, నలుగురు పట్టుకోవాల్సి వస్తుందేమో.

నమూనా:
ఒకే పోటుతో అన్నీ అవుతాయి, మొత్తం 6 నుంచి 7 మి.లీ.: సీబీసీ, హెచ్‌పీఎల్‌సీ ఒకే ట్యూబు, సీసం ఒకటి, మిగతావి సీరం ట్యూబు. నలుగురు పట్టుకోవద్దు. పిల్లల డాక్టరుకు చెప్పి మత్తు క్రీము రాయించి, పోటుకు గంట ముందు మోచేతి మడతలో రాసి, పైన ప్లాస్టిక్ పొర అంటించండి. రెండు చేతులకూ రాయండి, ఒక చేతిలో నరం దొరక్కపోవచ్చు. ఉదయం గ్లాసు నీళ్లు తాగించండి, నరం బాగా తెలుస్తుంది. 'సూది లేదు' అని చెప్పి తీసుకురావద్దు. ఇంటి దగ్గరే బొమ్మ చేతికి దారం కట్టి చూపించి, 'కొంచెం నొక్కినట్టు ఉంటుంది, అమ్మ ఒడిలోనే కూర్చుంటావు' అని చెప్పండి. మీ ఎదకు ఆనుకుని కూర్చోబెట్టుకోండి, పడుకోబెట్టొద్దు. పిల్లల రక్తం తీయడంలో చేయి తిరిగిన టెక్నీషియన్ ఏ రోజు, ఏ వేళకు ఉంటారో ల్యాబుకు ఫోను చేసి కనుక్కుని ఆ వేళకే రండి. రెండుసార్లు పొడిచినా నరం దొరక్కపోతే ఆ రోజుకి ఆపమనండి.